పద్నాలుగు చీకట్లు

పోయిన నెల నాకు పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. మన రాష్ట్రంలో చిన్న సినిమాలు తీసినవాళ్ల గురించి హైదరాబాదులో ఎవరో వేసిన పుస్తకం. మంచి కాగితం, మంచి అట్ట. అందులో దేవరకొండ కవి గురించి ఆరు వాక్యాలున్నాయి. ఆరింటిలో నాలుగు తప్పు. 'ఇరవై నిమిషాల మూకీ చిత్రం' అని రాశారు. అది ఇరవై నిమిషాల సినిమా కాదు. మూకీ అంతకంటే కాదు. 'నిశ్శబ్దాన్నే భాషగా చేసుకున్న దర్శకుడు' అని కూడా రాశారు. పద్దెనిమిదేళ్ల పరిచయంలో అతను నోరు మూసుకుని ఉండటం నేను ఒక్కసారే చూశాను. దానికి కారణం నేను.

పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, కింద పడ్డదాన్ని తీసి కొంగుతో తుడిచింది.

"గింత మంచి అట్ట. కోపమొస్తె రాయుండ్రి. మీకు వచ్చిన పని గదొక్కటే గదా" అంది.

అందుకే రాస్తున్నాను.

నేను మోత్కూర్ వాణ్ని. సర్కారు ప్రచార బండి మీద ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేసి రెండేళ్ల కింద పదవీ విరమణ చేశాను. ఊరూరికీ పోయి తెర కట్టి, జనరేటర్ నడిపి, కుటుంబ నియంత్రణ, చిన్న పొదుపు, టీకాల సినిమాలు చూపించడం నా పని. నల్లగొండ జిల్లా అంతా తిరిగాను, కొన్నేళ్లు పాలమూరు వైపు కూడా. ప్రతి ఆటకూ డైరీలో రెండు పేజీలు. ఎడమ పేజీలో యంత్రం సంగతి: ఏ రీలు, ఎంత నిడివి, ఎక్కడ తెగింది, ఎన్ని అతుకులు, ఎక్కడ ఖాళీ. కుడి పేజీలో మనుషుల సంగతి: ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఎందుకు తిట్టుకున్నారు. మా అధికారి ఎడమ పేజీ మీదే సంతకం పెట్టేవాడు. కుడి పేజీ ఆయన ఎన్నడూ చదవలేదు. అది నాకోసం రాసుకున్నది. అవసరమైన రోజున నేనూ దాన్ని చదవలేదు. నా తప్పంతా అక్కడే ఉంది.

కవిని మొదటిసారి చూసింది ఎనభై ఒకటిలో. ఆఫీసు కాగితాలకు ఫోటో కావాల్సి వచ్చి, దేవరకొండలో ఖిల్లాకు పోయే దారిలో ఉన్న స్టూడియోకి వెళ్లాను. అది అతని తండ్రిది. మరుసటి రోజు ఫోటోలు ఒక చిన్న కాగితపు కవరులో పెట్టి ఇచ్చారు. కవరు మీద స్టూడియో పేరుండాల్సిన చోట నాలుగు పంక్తులు అచ్చేసి ఉన్నాయి.

పాస్‌పోర్టు సైజు.
మెడ కిందికి లేదు.
నువ్వు ఏడ నిలవడ్డవో
సర్కారుకు అక్కర లేదు.

"గిది ఎవరు రాసిండ్రు?" అని అడిగాను.

కౌంటర్ వెనక సన్నటి మనిషి, ఇరవై ఆరేళ్లుంటాయేమో, తల ఎత్తకుండానే ఫోటోల అంచులు కత్తిరిస్తున్నాడు. "ఎందుకు సాబ్, బాగలేదా? ఫోటో మంచిగున్నది గదా. కవరు పారెయ్యి" అన్నాడు.

నేను పారేయలేదు. నేను ఏదీ పారేయను. ఆ కవరు ఇప్పటికీ ఉంది, అలాంటివి ఇంకో డెబ్బై దాకా ఉన్నాయి.

వాళ్లింట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. అతని కవిత్వం మాత్రం బజారు మాటలోనే వచ్చేది. మొదట్లో పత్రికలకు పంపేవాడట. యాస తగ్గించి పంపమని తిప్పి పంపేవారట. మూడుసార్లు అలా వచ్చాక పంపడం మానేసి కవర్ల మీద అచ్చేయడం మొదలుపెట్టాడు. "పత్రికలు ఎంతమంది సదువుతరన్నా? రేషన్ కార్డుకు, బస్ పాసుకు, పరీక్షకు ఫోటో దిగనోడు గీ తాలూకాల ఎవడన్న ఉన్నడా? అందరి జేబులల్ల నా కవిత్వమే ఉన్నది" అనేవాడు. అప్పటికే నన్ను సాబ్ అనడం మానేసి అన్నా అంటున్నాడు. నేను తమ్మీ అనేవాణ్ని.

సినిమా కెమెరా అతనిది కాదు. తండ్రికి దోస్తు అయిన ఒక ముసలి కెమెరామన్, హైదరాబాదు ఆయన, కళ్లు మందగించాక తన పదహారు మిల్లీమీటర్ల కెమెరాను కొన్నేళ్లు వాడుకోమని ఇచ్చాడు. దానికి కరెంటు అక్కర లేదు. గోడ గడియారానికి ఇచ్చినట్లు చావి తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. నిండా బిగిస్తే ఇరవై ఎనిమిది సెకన్లు నడిచి ఆగిపోతుంది. తక్కినవాళ్లు స్ప్రింగు ఆగకముందే తమకు కావలసిన చోట ఆపుతారు. ఇతను ఆపేవాడు కాదు. చావి అయిపోయేదాకా ఒకే చోట నిలబెట్టి తీసేవాడు. ఒక చావికి ఒక దృశ్యం, ఒక దృశ్యానికి ఒక మాట. "ఇర్వై ఎన్మిది సెకన్లల చెప్పలేని మాటను మన ఊర్లల్ల ఎవడన్న నిలవడి ఇంటడా?" అని అడిగేవాడు.

మొదటి సినిమా పోచంపల్లిలో ఒక మగ్గం మీద తీశాడు. పదకొండు చావిలు, అన్నీ చేతులే. మా శాఖ సినిమాలు అయిపోయాక, అనుమతి లేకుండా, అదే ఊళ్లో అదే ఇంటి ముందు నేనే చూపించాను. మగ్గం నేసినాయన చివరిదాకా చూసి లేచాడు.

"నా మొఖం ఏడున్నది? అన్నీ చేతులే తీస్తివి."

"మొఖం మీ ఇంటోళ్లు రోజు సూస్తరు. చేతులు ఎవలు సూసిండ్రు?" అన్నాడు కవి.

నేతాయన తన చేతుల వైపు చూసుకుని, "నిజమే. గా మూడో బొమ్మల పోగు తెగింది. నేను సూస్కోనే లేదు. మల్లొక్కసారి ఎయ్యి" అన్నాడు. మళ్లీ వేశాను. కుడి పేజీలో ఇదంతా రాసుకున్నాను.

రెండో సినిమా 'దర్వాజలు'. ఎనభై ఐదు, ఎనభై ఆరు. వానలు లేని ఏళ్లు. పాలమూరు జిల్లాలోనూ దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లకు ఇళ్లే మూసుకుని జనం పనికి పోయేవారు. గుంపు మేస్త్రీ అని ఒకడుంటాడు. ముప్పై నలభై మందిని లారీలో ఎక్కించుకుని ఎక్కడో కడుతున్న ఆనకట్టకో, తవ్వుతున్న కాలువకో తీసుకుపోతాడు. ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, పాలిచ్చే తల్లులు, కొందరు కోడళ్లు మిగులుతారు. కవి ఆ మూసిన దర్వాజలను తీశాడు. నలభై రెండు దర్వాజలు, ఒక్కోదానికి ఒక చావి. మనిషి కనపడడు. తాళం, తాళానికి బదులు తాడు, తాడు కూడా లేనిచోట అడ్డంగా పెట్టిన ముళ్లకంప. అంతే.

ఒక సెలవు రోజు నేను అతనితో వెళ్లాను. మూడు దర్వాజలు తీశాక కెమెరా కంటికి మూత పెట్టి, చావి ఇచ్చి, బొత్తాం నొక్కాడు. ఫిల్ము గిర్రున నడుస్తోంది.

"మూత మర్చిపోయినవ్ తమ్మీ!"

"మర్వలే."

"మరేం తీస్తున్నవ్?"

"చీకటి."

నాకు ఒళ్లు మండింది. ఫిల్ము ముక్కల కోసం స్టూడియోల చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. "చీకటి కావాలంటె దీపం ఆర్పుకుంటె సరిపోదా? గీ ఫిల్ము పాడుజేసుడెందుకు?" అని కసిరాను.

"దీపం ఆర్పితె ఎంతసేపు ఆర్పాల్నో నీకెట్ల తెలుస్తది? చీకటిని కూడ కొలువాలె గదన్నా. ఒక చావి" అన్నాడు.

మూడు దర్వాజలకు ఒక చీకటి. మొత్తం పద్నాలుగు. బొమ్మలు పంతొమ్మిది నిమిషాల ముప్పై ఆరు సెకన్లు, చీకటి ఆరు నిమిషాల ముప్పై రెండు సెకన్లు. అతను వాడిన ఫిల్ముకు నెగెటివ్ ఉండదు. తీసినదాన్నే కడిగి చూపించాలి. కాపీ ఒక్కటే.

ఆ చీకటి ఎందుకో మొదటి ఆటలో తెలిసింది. అచ్చంపేట వైపు ఒక ఊరు. మూడు దర్వాజలు పోయాక తెర నల్లబడింది. బండి దీపం కూడా ఆర్పమని ముందే చెప్పాడు. పక్కవాడి ముఖం పక్కవాడికి కనపడదు. "ఓ సినిమా సారూ, బొమ్మ తెగింది!" అని నా మీదికి కేకలు. అప్పుడు తెర పక్కనుంచి అతని గొంతు వచ్చింది.

దర్వాజకు తాళం లేదు, తాడున్నది.
ఎత్కపోయెతందుకు ఇంట్ల ఏమున్నది?
ఎత్కపోయెటోడు వచ్చిండు,
మనుషులనే ఎత్కపోయిండు.

తర్వాత కవిత్వం కాదు, మామూలుగా అడిగాడు: "గీ ఇంటోళ్లు ఏడ వోయిండ్రు?"

చావి అయిపోయింది, నాలుగో దర్వాజ వచ్చింది. రెండో చీకటిలో మళ్లీ అడిగాడు. ఒక ఆడగొంతు "బొంబాయి దిక్కు" అంది. ఇంకో గొంతు "మావోళ్లు కాలువకు." ఐదో చీకటికి అందరూ మాట్లాడుతున్నారు. "నా మొగడు ఇంట్ల ఉన్ననాడు ఏం ఎలగబెట్టిండని? తాళమే నయ్యం, తాగొచ్చి తన్నదు" అని ఒకామె అంటే నవ్వులతో చీకటి అదిరిపోయింది. ఆ ఊళ్లలో వెలుతురుంటే కోడళ్లు మామల ముందు, బావల ముందు నోరెత్తరు. చీకట్లో గొంతుకు ముఖం లేదు. ఇరవై ఎనిమిది సెకన్లు ఎవరైనా ఏమైనా అనొచ్చు. వెలుతురు వచ్చేసరికి అందరూ తెరనే చూస్తుంటారు.

మూడో ఆట దేవరకొండ దగ్గర ఒక పల్లెలో. ముందు వరసలో కుర్చీ వేసుకుని గుంపు మేస్త్రీ కూర్చున్నాడు, కాలు మీద కాలు వేసుకుని. తొమ్మిదో చీకటిలో వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. పెద్దగా కూడా కాదు.

"మా ఆయన కాలువ కాడ మట్టిపెళ్ల మీదవడి సచ్చి ఆర్నెల్లయిందంట. మేస్త్రీ వచ్చె నెల వస్తడు, వచ్చె నెల వస్తడంటున్నడు. నేను బొట్టు ఉంచుకోవాల్నా, తియ్యాల్నా? ఎవలన్న చెప్పుండ్రి."

వెంటనే దర్వాజ బొమ్మ వచ్చింది. తెర వెలుగు అందరి ముఖాల మీద పడింది. ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు. మేస్త్రీ లేచి వెనక్కి తిరిగాడు. "ఎవలు? ఎవలన్నరు గా మాట?"

"కూసో బిడ్డా, బొమ్మకు అడ్డమున్నవు" అంది ఒక ముసలమ్మ.

ఆటయ్యాక మేస్త్రీ నా బండి దగ్గరికి వచ్చాడు. ఎవరన్నారో చెప్పమన్నాడు. చీకటి సార్, నాకెట్ల కనపడ్తది అన్నాను. పదిహేను రోజుల తర్వాత అదే దారిలో పోతూ అడిగితే, మేస్త్రీ తనంతట తాను ఒకింటికి పోయి చావు కబురు చెప్పాడని తెలిసింది. ఏ ఇల్లో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

కుడి పేజీలో ఇదంతా మాటకు మాట ఉంది. ఎడమ పేజీలో, అదే తారీఖున, నా చేత్తోనే రాసింది కూడా ఉంది: 'తొమ్మిదో ఖాళీ, ఇరవై ఎనిమిది సెకన్లు.'

ఇక నా తప్పు. ముసలి కెమెరామన్ చనిపోయాడు. కొడుకులు కెమెరా తిరిగి ఇమ్మని రాశారు. అప్పుడే హైదరాబాదులో ఒక కమిటీ చిన్న సినిమాలను పిలిచింది. ఎంపికైనవాళ్లకు ఏడాదిపాటు కెమెరా, సరిపడా ఫిల్ము ఇస్తారట. అతని పేరు పంపింది నేనే. అది దొరికితేనే అతను ఇంకో సినిమా తీయగలడు, లేకపోతే పాస్‌పోర్టు ఫోటోలే. ఈ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అతను తర్వాతి సినిమా కోసం ఒక గుంపుతో పాటు లారీ ఎక్కి ఆనకట్ట పని దగ్గరికి పోయాడు. అక్కడికి ఫోను లేదు, జాడ లేదు. బుధవారం కమిటీ ఉత్తరం వచ్చింది. సినిమా సోమవారంలోగా చేరాలి, ఆ రోజే చూస్తారు, ఇరవై నిమిషాలకు మించితే చూడకుండా తిప్పి పంపుతారు.

రీలు నా బీరువాలో ఉంది. ఇరవై ఆరు నిమిషాల ఎనిమిది సెకన్లు.

డైరీ తీసి ఎడమ పేజీ చూశాను. బొమ్మలు పంతొమ్మిది నిమిషాల ముప్పై ఆరు సెకన్లు. ఖాళీ పద్నాలుగు చోట్ల. నాకు ఎంత సంబరమైందో చెబితే ఇప్పుడు సిగ్గేస్తుంది. లెక్క ఎవరో కొలిచి పెట్టినట్లు సరిపోయింది. పాత రీళ్లలో ఖాళీ ఫిల్ము కనపడితే కత్తిరించి అతకడం మా ఆపరేటర్ల పద్ధతి. ఖాళీ తెర చూస్తే జనం అరుస్తారు, అధికారి మెమో ఇస్తాడు. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని. పట్టపగలు, ఆఫీసు బల్ల మీద, భూతద్దం పెట్టుకుని, ఒక్కో చీకటినీ శుభ్రంగా కోసి తీశాను. పదమూడు అతుకులు. ఆఖరి చీకటి ఫిల్ము చివర ఉంది కనుక దానికి అతుకు అవసరం పడలేదు. ముక్కలకు ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు వేసి బిస్కెట్ డబ్బాలో పెట్టాను. బొమ్మ ఒక్కటి కూడా పోలేదు కదా అనుకున్నాను. అతను ఎలాగూ పక్కన నిలబడి మాట్లాడుకుంటాడు కదా అనుకున్నాను. ఉత్తరంతో వచ్చిన దరఖాస్తు మీద అతని తరఫున సంతకం కూడా పెట్టాను. సన్న అక్షరాల్లో ఉన్న నిబంధనలన్నీ చదివే పెట్టాను.

అతను ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చాడు. సోమవారం పొద్దున బస్సులో రీలు నా ఒడిలోనే ఉంది. కోసిన సంగతి అప్పుడే చెప్పి ఉండొచ్చు. 'బొమ్మలన్నీ పదిలంగున్నయి' అని మాత్రం చెప్పాను.

కమిటీ ఆఫీసులో చల్లటి గది. మెత్తటి కుర్చీలు. ఐదుగురు. మధ్యలో ఒక పెద్దాయన. కవి ఎప్పటిలాగే తెర పక్కకు పోయి నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు దర్వాజలు. అతను ఊపిరి తీసుకోవడం నాకు కనిపించింది. నాలుగో దర్వాజ వచ్చింది. అతను తెర వైపు చూశాడు. ఐదోది. అయినా మొదలుపెట్టాడు: "దర్వాజకు తాళం లేదు..." ఆ మాట అంటున్నప్పుడు తెర మీద ఇంత పెద్ద తాళం ఉంది. రెండో పంక్తికి ఇంకో దర్వాజ వచ్చి పడింది. ఐదుగురిలో ఒకాయన మెల్లగా 'ష్' అన్నాడు. అతను ఆగాడు. తల తిప్పి చీకట్లో నేనున్న వైపు చూశాడు. తర్వాత పదహారు పదిహేడు నిమిషాలు, ముప్పై దర్వాజలకు పైగా, ఒక్క మాట మాట్లాడలేదు.

దీపాలు వెలిగాక పెద్దాయన చప్పట్లు కొట్టాడు. "చాలా బావుందండీ. ఆ నిశ్శబ్దమే దీని బలం. మీరు మొదట్లో ఏదో గొణిగారు, అది లేకపోతే ఇంకా బావుండేది."

"సార్, గిది సగమే" అన్నాడు కవి.

"మిగతా సగం ఏదీ?"

అతను నా వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను. "నేను తీసేశానండి. ఇరవై నిమిషాలన్నారు గదా. ఏమీ లేని నల్ల ఫిల్ము మాత్రమే తీశాను" అన్నాను.

"మంచి పని చేశారు" అని పెద్దాయన వచ్చి నా చేయి పట్టుకుని ఊపాడు. నేను ఊపనిచ్చాను.

అక్కడికక్కడే ఎంపిక చేశారు. ఇకముందు ఎక్కడ చూపించినా ఇలాగే, మాటల్లేకుండా చూపించాలన్నారు. "అయితె నేను నోరు మూస్కుంటెనే కెమెరా ఇస్తరా?" అని కవి అడిగాడు.

"సినిమా మాట్లాడుతోంది కదయ్యా, మధ్యలో నువ్వెందుకు?"

"సినిమా మాట్లాడుతలేదు సార్. అందరి నోళ్లు మూసింది. అక్కడ ఆడోళ్లు మాట్లాడుతరు. వాళ్ల కోసమే చీకటి పెట్టిన."

ఐదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్లు ఎక్కడున్నారు ఈ సినిమాలో, అని ఒకాయన పక్కాయనను అడిగాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. నాకు ఎక్కువ కోపం ఆ ప్రశ్న మీదే.

"నాకు మీ కెమెరా వద్దు. నా సినిమా నాకియ్యుండ్రి" అన్నాడు కవి.

"ఫిల్ము ఇస్తామంటే, కెమెరా ఇస్తామంటే, ఇంకేం కావాలయ్యా మీవాళ్లకి?" అన్నాడు పెద్దాయన. గుమాస్తా దరఖాస్తు తెచ్చి చూపించాడు. సమర్పించిన ప్రతి తిరిగి ఇవ్వబడదు. కింద నా సంతకం, పొందికగా, తారీఖుతో సహా.

తిరుగు ప్రయాణంలో ఇబ్రహీంపట్నం దాటాక అతను అడిగాడు.

"చీకటి ఏడున్నదన్నా?"

"డబ్బాల ఉన్నది. పద్నాలుగు. నంబర్లు ఏసిన."

అతను కిటికీలోంచి చూస్తూ నవ్వాడు. "నంబర్లు ఏసినవా. ఇంగ ఫికర్ ఏమున్నది" అన్నాడు. మాల్ అనే ఊరి దగ్గర బస్సు ఆగితే ఇద్దరికీ చాయ్ తెచ్చాను. గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు. "తొమ్మిదో చీకటి గూడ కోసినవా?" అని అడిగాడు.

ఏడు నెలలు అతను నాతో మాట్లాడలేదు. ముసలాయన కొడుకులకు కెమెరా ఇచ్చేశాడు. నేను కమిటీకి ఉత్తరాలు రాశాను, నకళ్లు ఉన్నాయి. రీలు తిరిగి ఇవ్వండి, తప్పు నాది, అతను సంతకం చేయలేదు అని. పదకొండు ఉత్తరాలకు ఒక్క జవాబు వచ్చింది, అదీ చాలా ఏళ్లకు: తేమ వల్ల చెడిన పాత ప్రతులను తొలగించడమైనది. దర్వాజలు అలా పోయాయి. బొమ్మలను కాపాడుదామని చీకటిని కోశాను. చివరికి చీకటి మిగిలింది.

ఎనిమిదో నెల ఒక ఆదివారం పొద్దున అతను మోత్కూర్‌లో మా ఇంటి ముందు నిలబడ్డాడు. "డబ్బా తియ్యి" అన్నాడు. చాయ్ కూడా అడగలేదు. పద్నాలుగు ముక్కలూ నంబర్ల ప్రకారం అతికాను. మళ్లీ పదమూడు అతుకులు. మార్కెట్ గోదాములో, మధ్యాహ్నం పూట, షట్టర్లు దించి, సందుల్లో గోనెసంచులు కుక్కి ఆట పెట్టాం. మార్కెట్‌కు వచ్చిన ఆడవాళ్లు ఓ యాభై మంది కూర్చున్నారు.

ప్రొజెక్టర్ నడుస్తోంది. తెర నల్లగా ఉంది.

"బొమ్మ లేదా?" అని ఎవరో అడిగారు.

"లేదమ్మా. బొమ్మ హైదరాబాదోళ్లు పెట్టుకున్నరు. మనకు చీకటి ఇచ్చిండ్రు" అన్నాడు.

"పోనీయ్, ఎండల కెల్లి వచ్చినం, సల్లగున్నది" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. తర్వాత అతను దర్వాజ పద్యం చదివాడు. "మీ ఇంట్ల ఎవలు వోయిండ్రు?" అని అడిగాడు. ఆరున్నర నిమిషాల ఫిల్ము అయిపోయినా వాళ్లు ఆపలేదు. షట్టరు ఎత్తవద్దన్నారు. ఖాళీ చక్రం తిరుగుతూనే ఉంది. నేను ఆపరేటర్‌నైన నాటి నుంచీ ఫిల్ము అయిపోయాక ప్రొజెక్టర్ ఆర్పకుండా ఉన్నది ఆ ఒక్కరోజే. బల్బు ముందు అట్టముక్క అడ్డం పెట్టి నిలబడ్డాను.

ఆ తర్వాత పదేళ్లు, నేను రిటైరయ్యేదాకా, వీలైన ప్రతి ఊళ్లో ఆ చీకటిని చూపించాం. నా డైరీ ప్రకారం నూట ముప్పై ఎనిమిది ఆటలు. మరో సినిమా తీయడానికి అతనికి కెమెరా దొరకలేదు. తొంభైల్లో వీడియో కెమెరా కొని పెళ్లి క్యాసెట్లు తీశాడు. వాటిలోనూ వంట చేసేవాళ్ల చేతుల మీద ఇరవై ఎనిమిది సెకన్లు ఆగిపోయేవాడు. పెళ్లివాళ్లు తిట్టేవారు. కవర్ల మీద కవిత్వం మాత్రం ఇప్పటికీ ఆపలేదు.

ఈ పుస్తకం రాసినవాళ్లు పోయిన ఏడు అతని స్టూడియోకి వెళ్లారట. ముగ్గురు. సినిమా గురించి అడిగితే, "సార్, జర అటు కూసోండ్రి, దీపం సూడుండ్రి" అని ముగ్గురికీ పాస్‌పోర్టు ఫోటోలు తీసి, కవర్లలో పెట్టి ఇచ్చాడట. వాళ్లు కవర్లు జేబులో పెట్టుకుని, మీ కవిత్వం ఏదైనా అచ్చయిందా, మాకు ఒక కాపీ దొరుకుతుందా అని అడిగారట. అతను ఈ సంగతి పడీ పడీ నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. వాళ్లు నా దగ్గరికీ వచ్చారు. డైరీలు చూపించాను, కుడి పేజీలు తెరిచి మరీ చూపించాను. నిడివి ఎంత అని అడిగి, కమిటీ ఫైలులో ఇరవై అని ఉంది కదండీ అన్నారు. డబ్బా తెరిస్తే, ఇది ఖాళీ ఫిల్ము కదా సార్, దాచడం ఎందుకు అన్నారు.

ఇదంతా రాస్తున్నానని నిన్న అతనికి చెప్పాను.

"రాయి. కని నా పేరు రాయకు, నీ పేరు రాయకు" అన్నాడు.

"ఎందుకు?"

"గా తొమ్మిదో చీకట్ల ఆమె పేరు రాసినవా నువ్వు?"

లేదు. నాకు తెలియదు. అందుకే ఎవరి పేరూ రాయలేదు.

పుస్తకం వేసినవాళ్లు రెండో ముద్రణ వేస్తే ఇలా దిద్దుకోవాలి. సినిమా నిడివి ఇరవై ఆరు నిమిషాల ఎనిమిది సెకన్లు. మాటలున్న సినిమా, ప్రతి ఊళ్లో వేరే మాటలు. అందులో మిగిలింది ఆరు నిమిషాల ముప్పై రెండు సెకన్లు, మోత్కూర్‌లో నా బీరువాలో, బిస్కెట్ డబ్బాలో ఉంది. నూట ముప్పై ఎనిమిది ఆటల్లో ఆ నల్ల ఫిల్ము మీద పడ్డ గీతలు తెర మీద తెల్లగా మెరుస్తాయి. ఏ గీత ఏ ఊళ్లో పడిందో చాలావరకు చెప్పగలను. చూడాలనుకున్నవాళ్లు రావచ్చు. మా ఇంటి దర్వాజ తీసే ఉంటుంది. కానీ దాన్ని నోరు మూసుకుని చూడటానికి మాత్రం ఎవరినీ రానివ్వను.